మీ అన్నలు వచ్చినారు

నాకు ముక్కు మీదే కోపం అని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ, నిజమే. కానీ కోపం కంటే పాడు గుణం ఇంకొకటి ఉంది నాలో. దాన్ని ఎవరూ తప్పుపట్టరు, పైగా మెచ్చుకుంటారు. ఎదుటివాళ్ళ మాట దిద్దుతాను. ముప్పై ఏళ్ళు బడిపిల్లల మధ్య అరిగిన నాలుక ఇది. పెళ్ళిపత్రిక చేతికిస్తే ముహూర్తం చూడను, ముందు తప్పులు చూస్తాను. మా ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనుంచి మాటలు అందిస్తాను. "నువ్వే మాట్లాడుకో తల్లీ" అని ఆయన ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఇన్నాళ్ళూ నవ్వుకుంటూ చెప్పుకున్న గుణమే. ఒక పిల్ల విషయంలో మాత్రం అది కొంప ముంచింది. నా కొంప కాదు, ఆ పిల్ల కొంప.

బళ్ళారి దగ్గర రూపనగుడి దాటి కొంత దూరం పోతే నల్లరేగడి చేల మధ్య ఒక చిన్న ఊరు. అక్కడి కన్నడ బడిలో నేను పనిచేసేదాన్ని. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కొట్లాడుకునేటప్పుడు రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు. నేనూ అంతే. మావైపు ఆడ టీచర్లను అక్కోరు అంటారు. అక్కగారు అన్నట్టు. ఆ పిలుపు వినీ వినీ నా అసలు పేరు నాకే కొత్తగా వినిపించేది.

ఆ ఏడు జూన్‌లో, మిరప కోతలకు వచ్చి మా ఊళ్ళోనే నిలిచిపోయిన ఒక జంట, ఒక ఆడపిల్లను చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది. ఎనిమిదేళ్ళుంటాయో, తొమ్మిదో. ఆ జంట పిల్ల తల్లిదండ్రులు కాదు, చిన్నమ్మా చిన్నాన్నా. వాళ్ళది ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఏదో ఊరు. అక్కడినుంచి గోదావరి వైపు మిరప చేలకు వచ్చారట, ఆ తర్వాత మేస్త్రీ వెంట మా బళ్ళారి మిరప చేలకు. కోతలు అయిపోయి మేస్త్రీ మిగతా కూలీలను వెనక్కి తీసుకుపోయినా వీళ్ళు పోలేదు. ఒక రైతు చేనిలో రేకుల షెడ్డులో కాపురం పెట్టి, మోటరు చూసుకుంటూ, ఎద్దులకు మేత వేస్తూ ఉండిపోయారు. సొంత ఊరికి ఎందుకు పోలేదని మాలో ఎవరమూ అడగలేదు. ఈడ పని దొరికింది, ఉండిపోయినారు అనుకున్నాం.

"ఈ పిల్లకు కన్నడ గొత్తిల్ల అక్కోరూ, తెలుగైతే వస్తాదంట. మీ భాష పిల్ల కదా, మీరే చూసుకోండి" అన్నాడు మా హెడ్‌మాష్టరు. నాకు ఒళ్ళు పొంగింది. అవును మరి, ఆ బడి టీచర్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే కదా!

గోదావరి వైపు నేర్చుకున్న తెలుగు ఆ పిల్లది. మా తెలుగులా ఉండేది కాదు. వచ్చిండ్రు, పోయిండ్రు అనేది. మొదటిరోజే నన్ను "అక్కా" అని పిలిచింది. చిన్న గొంతు, పిలుస్తూనే ఆగిపోయింది, ఆ మాట నోటికి వచ్చి చాలా రోజులైనట్టు. నేనేం చేశాను? "అక్కా కాదే, అక్కోరూ అనాల" అని దిద్దాను. ఆ తర్వాత ఎప్పుడూ అక్కా అనలేదు.

ఇంకొక పేచీ చెప్పుల దగ్గర వచ్చింది. మా బడిలో పిల్లలు చెప్పులు మెట్ల దగ్గర వరసగా విడిచి లోపలికి రావాలి. ఈ పిల్ల విడిచేది కాదు. ఆకుపచ్చ రబ్బరు చెప్పులు, ఊడిపోకుండా వాటికి పురికొసతో మడమ వెనక కట్టు కట్టుకునేది. తీయమంటే కాలు వెనక్కి లాక్కునేది. "నీ చెప్పులు ఎవరు ఎత్తుకపోతారే? బంగారంతో చేసినారా?" అని నేనే వంగి ఆ ముడులు విప్పాను. మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు తనే విడిచి లోపలికి వచ్చింది. పిల్ల దారికొచ్చిందని హెడ్‌మాష్టరుతో గొప్పగా చెప్పుకున్నాను.

శ్రావణం వచ్చింది. మావైపు నాగులపంచమి అంటే ఆడవాళ్ళ పండగ. అత్తగారింట్లో ఉన్న ఆడపడుచును అన్నో తమ్ముడో వచ్చి పుట్టింటికి తోలకపోవాలి. నువ్వుల ఉండలు, శెనక్కాయ ఉండలు, కొమ్మకు వేసిన ఉయ్యాల, చేతినిండా గాజులు. అన్న ఇంకా రాలేదని వీధి గుమ్మంలో ముఖం ముడుచుకుని కూర్చునే ఆడవాళ్ళను ప్రతి ఊళ్ళో చూస్తాం. నేనూ కూర్చున్నాను, ఎన్నో సార్లు. మా అన్నకు ఎప్పుడూ బస్సు తప్పిపోయేది.

పంచమికి రెండు రోజుల ముందు, క్లాసులో పాఠం పక్కన పెట్టి పిల్లలతో కబుర్లు మొదలుపెట్టాను. "మీ ఇండ్లల్లో ఎవరిని ఎవరు పిలవడానికి వస్తాండారప్పా?" ఒకడు మా మామ వస్తాండాడు అన్నాడు. ఒకతి మా అమ్మ నిన్ననే పోయింది, నన్ను ఇడిసిపెట్టి పోయింది అని మూతి తిప్పింది. అందరూ నవ్వారు. అప్పుడు, ఎన్నడూ చెయ్యి ఎత్తని ఆ పిల్ల లేచి నిలబడింది.

"అన్నలొచ్చిండ్రు" అంది. "మా అక్కను తోల్కపోయిండ్రు."

ఎంత సంతోషమయిందో నాకు! రెండు నెలల్లో తనంతట తాను చెప్పిన మొదటి సంగతి. "వచ్చిండ్రు కాదే బంగారూ, వచ్చినారు అను. ఎంతమంది అన్నలు?"

"చానామంది. పది మంది."

"అబ్బో, పది మంది అన్నలా! మీ అక్క రాణే పో!"

వెనక బెంచీలోంచి ఒక కొంటెవాడు లేచాడు. కన్నడంలో బియ్యాన్ని అక్కి అంటారు. "అక్కోరూ, తోలకపోయింది అక్కనా, అక్కీనా?" అన్నాడు వాడు. క్లాసంతా ఒకటే నవ్వు.

ఆ పిల్ల నవ్వలేదు. బడి అన్నం పుణ్యాన అక్కి అంటే ఏమిటో అప్పటికే తెలుసు తనకు. కాసేపు ఆలోచించింది. అడిగినదానికి సరిగా జవాబు చెప్పాలన్నట్టు, "రెండూ" అంది. "అక్కను తోల్కపోయిండ్రు. బియ్యం తీస్కపోయిండ్రు."

ఇంకేముంది, పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకుంటూ, "తీస్కపోయిండ్రు కాదే పిచ్చిదానా, తెచ్చినారు అనాల" అన్నాను. "అన్నలు పుట్టింటినుంచి తెస్తారు గానీ యాడన్నా తీసుకపోతారా?"

నా ముఖంలోకి చూసింది. "తెచ్చినారు" అంది. ఒప్పజెప్పి కూర్చుంది.

ఒక పసిపిల్ల తన ఇంటి మీద పడిన కష్టాన్ని, మొదటిసారి, నాలుగు మాటల్లో నా ముందు పెట్టింది. నేను అందులో క్రియాపదం దిద్దాను.

అక్కడితో ఊరుకున్నానా? లేదు. "మీ అక్క మళ్ళా ఎప్పుడొస్తాది?" అని అడిగాను. "రాదు" అంది. తనను వదిలి అక్క ఒక్కతే పండక్కి పోయిందని అలిగింది కాబోలు అనుకున్నాను. బుజ్జగిద్దామని గడ్డం పట్టుకుని, "ఈసారి మీ అన్నలు రానీ, నిన్ను కూడా తోలకపొమ్మని నేనే చెప్తాలే" అన్నాను.

పిల్ల లేచింది. పలక తీసుకుని, వెళ్ళి తలుపు పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజు నుంచి అదే తన చోటు. "గాలి కావాల ఈ మహారాణికి" అని నేను ఎన్నిసార్లు వెక్కిరించానో. తలుపు దగ్గర కూర్చునేది గాలికి కాదని తట్టలేదు నాకు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వినాయక చవితి వెళ్ళాక, జిల్లా ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చింది. పిల్లల రక్షణ చూసే ఆఫీసట. వలస వచ్చిన పిల్లల్లో, తుపాకులూ దాడులూ చూసి పారిపోయి వచ్చినవాళ్ళు ఎవరన్నా ఉంటే రాసుకుంటున్నామంది. అలాంటి పిల్లలతో కూర్చుని మాట్లాడేవాళ్ళు ఉంటారట, ఇంటివాళ్ళు తప్పిపోతే వెతికి కలుపుతారట. మంచి మనిషి. తలుపు పక్కన కూర్చున్న పిల్లను చూసి, "ఈ పాప ఎవరు?" అని తనే అడిగింది.

"కూలికి వచ్చినోళ్ళ పిల్ల మేడం. దీనికేం తక్కువ? పది మంది అన్నలు. అక్క పుట్టింట్లో ఉండాది. చిన్నమ్మ బాగా చూసుకుంటుంది" అన్నాను, ఎంతో తెలిసినట్టు. ఆమె ఇంకొక మాట అడగబోయి, నా ధీమా చూసి కాగితం తిప్పేసింది. ఆ పిల్ల భాష తెలిసినదాన్ని నేను కదా, నా మాట కాదని ఎవరిని అడుగుతుంది?

కార్తీకం వెళ్ళి, చేలల్లో మిరప ఎరుపు తిరిగే రోజులు. మధ్యాహ్నం బడి అన్నాలు అవుతున్నాయి. పిల్లలు కొళాయి దగ్గర పళ్ళేలు కడుగుతున్నారు. గేటు దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు దిగారు. ఒకడు పీలగా, గడ్డంతో, చేతిలో ప్లాస్టిక్ సంచీ. రెండోవాడు మిలిటరీ వాళ్ళు వేసుకునే రకం ఆకుపచ్చ మచ్చల ప్యాంటులో ఉన్నాడు. మా సంతల్లో కుప్పపోసి అమ్ముతారు అలాంటివి, ట్రాక్టరు డ్రైవర్లంతా అవే వేసుకుంటారు.

గడ్డం కుర్రవాడు చేతులు జోడించాడు. "టీచరమ్మా, మా చెల్లెలు ఈడ చదువుకుంటా ఉందంట" అన్నాడు. బోరు బండి మీద పని అతనిది. నాలుగేళ్ళుగా అనంతపురం, కర్నూలు, తమిళనాడు అని బండి వెంట తిరిగాడట. ఊరికి పోతే ఇంట్లో ఎవరూ లేరు. గోదావరి ఒడ్డున మేస్త్రీలందరినీ అడుగుతూ అడుగుతూ, చిన్నమ్మ వాళ్ళు బళ్ళారిలో ఉన్నారని తెలుసుకుని వచ్చాడు. రెండోవాడు అదే బండి మీద పనిచేసే స్నేహితుడు.

నా సంతోషం చూడాలి అప్పుడు! పంచమికి రాకపోయినా ఇప్పటికైనా వచ్చాడు పిల్లకు అన్న. ఆ పది మందిలో ఒకడు. కాదు, ఇద్దరు. గేటు బార్లా తీసి, కొళాయి వైపు తిరిగి, ఊరంతా వినబడేట్టు కేక వేశాను.

"ఏయ్ పిల్లా! బేగ రావే! మీ అన్నలు వచ్చినారు! నిన్ను తోలకపోవడానికి వచ్చినారు!"

పళ్ళెం చేతిలోంచి జారింది. ఒక్కసారి గేటు వైపు చూసింది. గడ్డం పెరిగిన అన్నను గుర్తుపట్టే చూపు కాదు. ఆ మచ్చల ప్యాంటును చూసింది. తర్వాత నన్ను చూసింది. అంతే, వంటగది వెనక్కి పోయింది.

"సిగ్గప్పా దానికి. నిన్ను చూసి చాన్నాళ్ళయింది కదా, అదే వస్తాదిలే" అన్నాను. "ముందు మీరు కూచోండి. ఎప్పుడు తిన్నారో ఏమో. అన్నం తినకుండా బడి గేటు దాటనీయను." వాళ్ళు వద్దన్నారు. అన్న కళ్ళు వంటగది వైపే ఉన్నాయి. నేను ఊరుకోలేదు. అన్నం, సాంబారు దగ్గరుండి వడ్డించాను. టీ పెట్టించాను. నీ చెల్లెలు ఎంత బాగా చదువుతుందో, ఎలా దారికి తెచ్చానో చెప్పుకొచ్చాను. గంట గడిచింది. పిల్ల రాలేదు. వెతకడానికి పంపిన పిల్లలు తిరిగి వచ్చి యాడా లేదన్నారు. వంటగది వెనక గోడ కూలినచోట నుంచి చేల దారిన పోయి ఉంటుందన్నారు. మెట్ల దగ్గర, వరసలో ఆకుపచ్చ చెప్పులు అలాగే ఉన్నాయి. పురికొస ముడులతో సహా. బయట దారంతా జాలితుమ్మ ముళ్ళు.

అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. ఇంటికి పోయి చిన్నమ్మకు చెప్పుకుంటూ ఉంటుందిలే అని, ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని మిరప చేల గట్ల మీద షెడ్డుకు నడిచాను. తలుపు తెరిచి ఉంది. పొయ్యి మీద కుండలో కూర ఇంకా వెచ్చగానే ఉంది. రోట్లో పచ్చడి సగం నూరి ఉంది. మనుషులు లేరు, దుప్పట్లు లేవు, గోడకు వేలాడే బట్టల సంచీ లేదు.

పక్క చేనిలో కలుపు తీస్తున్న ఆవిడ నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. "ఏందక్కోరూ ఇది! పిల్ల ఉత్తకాళ్ళతో పరిగెత్తుకుంటా వచ్చింది, కాళ్ళనిండా రక్తం. ఏమో చెప్పింది. అంతే, ఆయమ్మ గోడుమని ఏడ్సుకుంటా మూటలు కట్టె. ఏమైందమ్మా అంటే, 'అన్నలు వచ్చినారంట, పిల్లను తోలకపోతారంట, అక్కోరే చెప్పింది' అనె. అన్నలొస్తే ఏడ్సేది ఏందో! రోడ్డు మీద పోయే ట్రాక్టరు ఎక్కి పోయినారు. ఒక గంటయింది."

గంట. నేను అన్నం పెట్టిన గంట.

వెనక్కి తిరిగి చూశాను. పిల్ల అన్న కింద కూలబడ్డాడు, రోలు పక్కన. "ఏమని పిలిచినారు టీచరమ్మా?" అన్నాడు. కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది.

"మీ అన్నలు వచ్చినారు అన్నాను."

తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. అలాగే చెప్పాడు. "మా తావున అన్నలంటే ఇంట్లో అన్నలు కాదు టీచరమ్మా. తుపాకులు పట్టుకుని అడవిలో తిరిగేవాళ్ళు. నేను బండి మీద తిరిగేటప్పుడు ఊరికొచ్చి ఇంటికొకరిని పంపమన్నారంట. మా అక్కను తోల్కపోయినారు. ఉన్న బియ్యం తీసుకపోయినారు. అది తెలిసి మా నాయనను పోలీసులు వచ్చి తీసుకపోయినారు. ఇద్దరూ మళ్ళా రాలేదు. అమ్మ ఆ దిగులుతోనే పోయింది. చిన్నదాన్ని అన్నా దక్కించుకుందామని చిన్నమ్మ దాన్ని ఎత్తుకుని ఇంతదూరం వచ్చింది."

 అన్నలు అనే ఆ మాటను పేపర్లో చదివే ఉంటాను ఎప్పుడో. చదివితే మాత్రం ఏం లాభం? మావైపు అన్న అంటే అందరూ అన్నే. బస్సు కండక్టరూ అన్నే, ఓటుకు వచ్చినవాడూ అన్నే. ఆడపిల్లకు అన్న వచ్చాడంటే పండగే. ఆ చెవితోనే విన్నాను నేను. తెలుగు అరకొరగా వచ్చిన హెడ్‌మాష్టరు దగ్గర ఆ పిల్ల ఉండి ఉంటే, ఆయన ఇంకొకరిని పిలిచి అడిగించేవాడేమో. తెలుసు అనుకున్నదాన్ని నేను.

"ఇంట్లో అది నన్ను అన్న అనదు" అన్నాడు అతను. "మా మాట వేరే ఉండాది." ఆ మాట చెప్పాడు. ఒకసారికి నా నోరు తిరగలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. జీవితంలో మొదటిసారి ఇంకొకరు నా మాట దిద్దారు. దాన్ని ఇక్కడ రాయను, అది వాళ్ళ ఇంటి మాట.

ఆ సాయంత్రమే బళ్ళారికి పోయి బస్టాండూ, రైల్వే స్టేషనూ గాలించాం. పోలీసులకు కాగితం రాసిచ్చాం. జిల్లా ఆఫీసు మేడం దగ్గరికి పోయి, మీకు అబద్ధం చెప్పాను, తెలియక చెప్పాను అని ఏడ్చాను. ఆమె ఒక్క మాట అనలేదు, ఫోన్ల మీద ఫోన్లు చేసింది. సండూరు వైపు గనుల దగ్గర చూశారు, బండ్రి దాకా పోయి అడిగారు. పారిపోవడం నేర్చినవాళ్ళు ఆనవాళ్ళు వదలరు. "అన్నను అన్న అనక ఇంకేమంటారు అక్కోరూ, మీ తప్పేముంది?" అన్నాడు హెడ్‌మాష్టరు. అందరూ అదే అన్నారు. ఎవరన్నా ఒక్కరు నన్ను తిడితే బాగుండునని ఎంత అనిపించిందో!

నేను రిటైరయ్యాను. పిల్ల అన్న ఇంకా బోరు బండి మీదే ఉన్నాడు. రెండు నెలలకొకసారి ఫోను చేస్తాడు. నేను "లేదప్పా" అంటాను, అతను "సరే అక్కా" అంటాడు. అక్కోరు కాదు, అక్క. దిద్దను. ప్రతి ఏడూ మిరప కోతల కాలంలో కూలీల బండ్లు వచ్చే దారిలో పోయి నిలబడతాను. ఆడపిల్లలు కనబడితే, అతను నేర్పిన మాట గట్టిగా అంటాను, నీ కోసం వచ్చాడు అని. పిచ్చిదన్నట్టు చూసి పోతారు. చెప్పులు మా ఇంట్లో ఉన్నాయి. ఇప్పుడు ఆ పిల్ల కాలికి అవి సగానికి కూడా రావు.

వీటన్నిటికీ ఓర్చుకుంటాను. నన్ను తినేసేది ఒకటే. ఆ పిల్ల లెక్కలో జరిగింది వేరు. అక్కోరు పంచమప్పుడు గడ్డం పట్టుకుని చెప్పింది, మీ అన్నలు రానీ, నిన్ను కూడా తోలకపొమ్మని చెప్తా అని. అన్నట్టే నాలుగు నెలలకు వాళ్ళు వచ్చారు. గేటు తీసింది అక్కోరే. నవ్వుతూ పిలిచిందీ అక్కోరే. ఎక్కడో ఒకచోట ఆ పిల్ల పెద్దదవుతూ ఉంటుంది, తనను పట్టిచ్చింది తన టీచరేనని నమ్ముతూ, ఇంకే బడి గడపా తొక్కకుండా. ఇన్నేళ్ళలో ఎందరి మాటలో దిద్దాను. ఇది ఒక్కటి దిద్దాలి నేను. వినడానికి ఆ పిల్ల లేదు.